విప్పినవి పారేయరు

పాత జపాన్ స్పోర్ట్స్ కారుని ఇంటి దగ్గరే విప్పి బాగుచేసుకునేవాళ్ల గ్యారేజీల్లో ఒక వస్తువు తప్పకుండా కనిపిస్తుంది. ఊరు హిరోషిమా కానివ్వండి, బర్మింగ్‌హామ్ కానివ్వండి, డాలస్ శివారు కానివ్వండి, దాని చోటు గోడవార షెల్ఫులో పై అరే. పానాల సెట్టు, జాకీ, వెల్డింగ్ మిషను అన్నీ కిందే ఉంటాయి. పైన ఉండేది ఒక అట్టపెట్టె. అందులో కారుతో పాటు వచ్చిన పాత స్టీరింగ్ ఉంటుంది, అరిగి నున్నబడ్డ గేర్ నాబ్ ఉంటుంది, సొట్టలు పడ్డ సైలెన్సర్ పెట్టెలో పట్టక సగం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లలో బోల్టులు, క్లిప్పులు, వాషర్లు. ఏ కవర్లోవి ఎక్కడివో దాని మీద మార్కర్ పెన్నుతో రాసి ఉంటుంది. కారుకేమో అంతకంటే మేలైన స్టీరింగ్, మేలైన సైలెన్సర్, కొత్త షాకబ్జార్బర్లు బిగించి ఉంటాయి. పాతవాటికంటే ఇవి బాగుంటాయనే కదా డబ్బు పోసి కొన్నది, ఆదివారాలన్నీ ధారపోసి బిగించింది! మరి బాగాలేదని తీసేసినదాన్ని పేరు రాసి మరీ ఏళ్ల తరబడి ఎందుకు దాస్తారు? చిన్న ప్రశ్నే. కానీ పాత కారుని బాగుచెయ్యడమంటే ఏమిటి, మార్చడమంటే ఏమిటి, ఆ రెండింటి నడుమ గీత ఎక్కడ అనే పెద్ద ప్రశ్నలకి జవాబు ఆ అట్టపెట్టెలోనే ఉందని నాకనిపిస్తుంది.

తేలిగ్గా తట్టే జవాబులు రెండున్నాయి. మొదటిది తనిఖీ. జపాన్‌లో దాన్ని షాకెన్ అంటారు. కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తరువాత రెండేళ్లకోసారి తప్పనిసరి. చప్పుడు ఎక్కువ చేసే సైలెన్సరూ, నేలకి మరీ దగ్గరగా దించేసిన కారూ అందులో నెగ్గవు. అందుకని తనిఖీ ముందు కంపెనీ సైలెన్సర్ ఎక్కించుకుని వెళ్లి, తిరిగొచ్చాక మళ్లీ మార్చుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. రెండోది అమ్మకం. అంతా కంపెనీ ఫిట్టింగే ఉన్న పాత కారుకి గిరాకీ ఎక్కువ, పాత భాగాలు చేతిలో ఉంటే బేరంలో నాలుగు డబ్బులు కలిసొస్తాయి. రెండూ నిజమే గానీ సరిపోవు. టెక్సాస్ సంగతి చూడండి. మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన డాలస్ చుట్టుపక్కల, 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ తనిఖీయే ఎత్తేశారు. పొగ పరీక్ష ఉంది, అయితే పాతికేళ్లు దాటిన కారుకి అదీ వర్తించదు. అంటే అక్కడ 1990 నాటి కారుకి ఏం బిగించారో అడిగేవాళ్లు లేరు. అయినా అక్కడా పెట్టె ఉంటుంది. ఇక అమ్మకం మాటంటారా, పెళుసెక్కిన క్లిప్పుకీ, తుప్పు మరకల వాషరుకీ ఏ కొట్టువాడు డబ్బులిస్తాడు? లెక్కలకి అందని కారణం ఇంకేదో ఉండాలి.

నాకు తోచినది చెబుతాను. బాగుచెయ్యడం, మార్చడం అని మనం రెండు పేర్లు పెట్టుకున్నాం గానీ, ఇంటి గ్యారేజీలో ఆ రెండు పనులూ ఒకే చెయ్యి, ఒకే మధ్యాహ్నం, ఒకే పానాతో చేస్తుంది. రెండింట్లోనూ మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది. మంచి పనికి ఒక గుర్తు ఉంది. రేపు ఆ కారు ఎవరి చేతికి వెళుతుందో ఆ మనిషి బానెట్ ఎత్తి చూస్తే, ఇది మొదట ఎలా ఉండేది, ఎవరు ఏం చేశారు, ఎందుకు చేశారు అన్నది తెలుసుకోగలగాలి. తెలుసుకునే దారి మిగిల్చిన మార్పు బాగుచేతలో భాగమే. ఆ దారి మూసేసిన బాగుచేత ఎంత తళతళలాడినా కారుకి నష్టమే. విప్పిన భాగాన్ని పేరు రాసి దాచేవాడు ఈ మాట నోటితో చెప్పకపోవచ్చు, చేత్తో చెబుతున్నాడు.

మాట గాలిలో తేలిపోకుండా ఒక కారుని ముందు పెట్టుకుందాం. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్, అమెరికాలో మియాటా, తక్కిన చోట్ల ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ దీన్ని లోకానికి చూపించింది. 1.6 లీటర్ల ఇంజన్, జపాన్‌లో అమ్మినదానికి 120 గుర్రాల శక్తి, 940 కిలోల బరువు, వెనక చక్రాలకి నడక, రెండే సీట్లు, గుడ్డ టాప్, మీట నొక్కితే కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. శక్తి లెక్కన చూస్తే ఏమంత ఘనం కాదు. దాని గొప్పంతా కూర్పులో ఉంది. నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ పెట్టారు. గేర్ బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా వెన్నెముకలా ఒక అల్యూమినియం ఫ్రేము కలిపారు. ముందూ వెనకా బరువు సమంగా తూగాలని బ్యాటరీని డిక్కీలోకి పంపారు. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టుండాలి అన్నది వాళ్లు పెట్టుకున్న గురి, దానికి జపనీయుల పాత మాట జింబా ఇత్తాయ్. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ కారు పుట్టుకే ఒక బాగుచేత. 1960లలో ఇంగ్లండులో లోటస్ ఎలాన్ లాంటి చిన్న టాపులేని కార్లుండేవి. నడిపితే ఆనందం, తెల్లారితే కింద ఆయిల్ మడుగు. అలాంటి కారు మళ్లీ ఎవరైనా చెయ్యాలని 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు మాజ్దా పరిశోధన విభాగం పెద్ద కెనిచి యమమోతోతో అన్నాడు. పదేళ్లకి అది రోడ్డెక్కింది, ఆయిల్ మడుగు లేకుండా. పాతదాని ప్రాణం నిలబెట్టి పాతదాని జబ్బు తీసెయ్యడం. దాన్ని జీర్ణోద్ధరణ అనాలా, ఆల్టరేషన్ అనాలా? అలా పుట్టిన కారుని పట్టుకుని, ఇందులో ఏదీ ముట్టుకోకూడదనడం ఎంతవరకు న్యాయం?

ముట్టుకునే ముందు చదవడం నేర్చుకోవాలి, అది వేరే సంగతి. ఈ కారుకి చేటు తెచ్చే తుప్పుని తీసుకోండి. గుడ్డ టాప్ మీద పడ్డ వాన వెనక అంచునున్న కాలవలాంటి పట్టీలోకి జారుతుంది. అక్కడినుంచి సీట్ల వెనక రెండు మూలలా ఉన్న చిన్న రంధ్రాల్లోకి దిగి, గొట్టాల గుండా కారు అడుగున, వెనక చక్రాల ముందు బయటపడుతుంది. ఎవరికీ కనపడని దారి. ఆకులు, దుమ్ము, టాప్ లోపలినుంచి రాలిన పీచు చేరి ఆ రంధ్రం పూడుకుపోతే నీళ్లు నిలుస్తాయి, పొంగుతాయి, తలుపు కింద నిడివిగా సాగే పెట్టెలాంటి రేకు దూలంలోకి దిగుతాయి. ఆ దూలం లోపలినుంచి కుళ్లడం మొదలవుతుంది. ఏళ్లు గడిచాక వెనక చక్రానికి కాస్త ముందు పెయింటు కింద చిన్న పొక్కు లేస్తుంది. బయటికి గోరంత, లోపల మూడు పొరలూ తినేసి ఉంటుంది. పొక్కు గీకి, లప్పం నింపి, రంగు కొట్టించి అమ్మేసేవాళ్లున్నారు. చూపుకి అది బాగుచేతే. రెండు మూడు చలికాలాల్లో పొక్కు మళ్లీ లేస్తుంది. పని తెలిసినవాడు రేకు కోసి, కొత్త రేకు అతికి, అంతటితో ఆగడు. మెత్తటి నైలాన్ తీగ ఒకటి తీసుకుని ఆ రంధ్రంలోకి నెమ్మదిగా దింపుతాడు. గట్టి ఊచైతే లోపలి గొట్టం చిరుగుతుంది. పైనుంచి చెంబెడు నీళ్లు పోసి, కారు కిందికి వంగి, నీళ్లు పడతాయా లేదా అని చూస్తాడు. చుక్కలుగా మొదలై ధారగా పడితేనే ఆ తుప్పు పని పూర్తయినట్టు లెక్క. రేకు ఎవరైనా అతకగలరు. నీరు ఎటునుంచి వచ్చిందో వెతికినవాడే ఆ కారుని చదివినవాడు.

రబ్బరు బుష్షుల దగ్గర ఈ చదువు ఇంకా సూక్ష్మం. సస్పెన్షన్ చేతులు చట్రానికి అతుక్కునే ప్రతి చోటా ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. ముప్పై ఏళ్లకి అది రాయిలా బిగుసుకుని బీటలు వారుతుంది. ప్రెస్సు పెట్టి పాతది దించి కొత్తది ఎక్కిస్తారు, బోల్టు బిగిస్తారు. పొరపాటు జరిగేది అక్కడే. కారు స్టాండ్ల మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. అప్పుడే బోల్టు పూర్తిగా బిగించేస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే పట్టుబడిపోతుంది. కారు నేలకి దించగానే మెలిపడుతుంది. కారు ఊరికే నిలబడి ఉన్నా, రబ్బరు రాత్రీ పగలూ ఆ మెలికతోనే ఉండి ఉండి త్వరగా చిరిగిపోతుంది. కారు బరువంతా చక్రాల మీద ఆనాకే ఆఖరి బిగింపు వెయ్యాలి. ఈ సంగతి తెలియక, కొత్త బుష్షులు నాసిరకమని తిట్టుకుని పాలియురిథేన్ బుష్షులకి మారేవాళ్లున్నారు. అవి మంచివే. మెలిపడవు, గ్రీజు మీద తిరుగుతాయి, చాలాకాలం మన్నుతాయి. కానీ రబ్బరు మింగేసే రోడ్డు అదురుని అవి తెచ్చి సీటుకి అప్పగిస్తాయి. రేసు ట్రాకు మీద తిప్పేవాడికి ఆ అదురు కావాలి, కొండదారిలో సాయంత్రం షికారుకెళ్లేవాడికి అక్కర్లేదు. పాత రబ్బరు ఏ పని చేసేదో తెలిసి మార్చినవాడు ఒక నిర్ణయం తీసుకున్నాడు. తెలియక మార్చినవాడు తన పొరపాటు మీద ఇంకొంత ఖర్చు పెట్టాడు.

తెలియక చేసే మార్పు ఎంత దూరం పోతుందో చూడాలంటే, అదే 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ మంచి సాక్ష్యం. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు 280 గుర్రాలకి మించి శక్తిని ప్రకటించకూడదని తమలో తాము ఒక అవగాహనకి వచ్చి 2004 దాకా నిలబెట్టుకున్నాయి. జీటీ-ఆర్ 2.6 లీటర్ల ఇంజన్‌ని రేసుల కోసం కట్టారు, కాగితం మీది 280 దానికి ఒక మూలకి. అందుకే కొన్నవాడి చెయ్యి ముందుగా టర్బో బూస్టు మీదికి పోతుంది. అయితే ఆ టర్బోల లోపల వేడి పొగ తగిలి తిరిగే చక్రాలు సిరామిక్‌వి. లోహంకంటే తేలిక కాబట్టి తక్కువ వేగంలోనే చురుగ్గా అందుకుంటాయి. ఆ చురుకు కోసమే కంపెనీ వాటిని ఎంచుకుంది. బూస్టు మితిమీరి పెంచితే ఆ వేడికీ వేగానికీ తట్టుకోలేక పగులుతాయి. ముందు లోహపు చక్రాల టర్బోలు వేసి ఆ తరువాత బూస్టు ముట్టుకున్నవాళ్ల ఇంజన్లు దశాబ్దాలు నడిచాయి. రెండూ మార్పులే. ఒకటి కంపెనీ ఇంజనీరు ఆలోచనని చదివి ముందుకు తీసుకెళ్లింది, ఇంకొకటి చదవకుండా పేజీ చింపింది. మార్పుని తప్పుపట్టేవాళ్లు ఈ రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని కూడా కొట్టేస్తారు. అది సరికాదు.

ఇంతకీ అసలుది అంటే ఏది? కారులో ఒక్క మేకు కూడా మారకూడదనే పెద్దమనుషులని నేను ఈ ప్రశ్న అడగాలనుకుంటాను. యూనోస్ తొలి ఇంజన్లలో, అంటే 1989 నుంచి 91 నడుమ వచ్చినవాటిలో, క్రాంకు షాఫ్టు ముందు కొస పొట్టిది. పుల్లీ బోల్టు బిగింపు కాస్త తగ్గినా కీ గాడి అరిగి, పుల్లీ ఊగడం మొదలై, చివరికి ఇంజనుకే మోసం వచ్చేది. కంపెనీయే తరువాత ఆ కొసని పొడుగు చేసింది. 1993లో 1.8 లీటర్ల ఇంజన్ తెచ్చినప్పుడు బ్రేకులు పెద్దవి చేసింది, సీట్ల వెనక బాడీ అటూ ఇటూ ఊగకుండా అడ్డంగా ఒక కడ్డీ వేసింది. మొదటి తరం టాప్‌కి వెనక ఉన్నది ప్లాస్టిక్ కిటికీ. జిప్పు తియ్యకుండా టాప్ మడిస్తే గీతలు పడి మసకబారేది. రెండో తరంలో దాని స్థానంలో అద్దం వచ్చింది, ఆ టాప్ పాత కారుకీ సరిపోతుంది. ఇప్పుడు 1990 కారున్న మనిషి ఆ పెద్ద బ్రేకులు, ఆ కడ్డీ, ఆ అద్దం తెచ్చి తన కారుకి బిగిస్తే, అతను కారుని మార్చినట్టా, కంపెనీ పడ్డ పశ్చాత్తాపాన్ని తన కారుకి కూడా పంచినట్టా? అసలుది అనే మాటని ఒక తేదీకి మేకు కొట్టి బిగించలేం. ఆ తేదీ నాడు కారులో ఉన్న మంచితో పాటు తప్పులు కూడా అసలువే కదా.

దీనికి వాళ్ల దగ్గర గట్టి జవాబే ఉంది. కారు ఎలా ఉండాలో చేసినవాడికంటే నీకు బాగా తెలుసా, చేసినవాడే బాగుచేసి ఇస్తానంటే నీ గ్యారేజీ ఎందుకు అంటారు. 2017లో మాజ్దా ఆ మాటే అంది. మొదటి తరం రోడ్‌స్టర్లని జపాన్‌లో తానే కొత్తదానిలా చేసి ఇస్తానని ప్రకటించి, గుడ్డ టాప్, నార్డి చెక్క స్టీరింగ్, చెక్క గేర్ నాబ్, చివరికి ఆనాటి బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు కూడా మళ్లీ తయారుచేయించింది. అదే ఏడాది నిస్సాన్ ఆ 1989 నాటి జీటీ-ఆర్ (ఆర్32) భాగాలు మళ్లీ చెయ్యడం మొదలుపెట్టింది. 2020లో టయోటా పాత సుప్రాలకి అదే పని చేపట్టింది. ఇవి నిజంగా మంచి పనులు. ఇంటి గ్యారేజీలో ఎంత ఓపికున్నా ఫ్యాక్టరీ పెయింట్ గది నాణ్యత రాదు, దాన్ని ఒప్పుకోవాలి. కానీ ఆ కంపెనీలు ఎందుకు తిరిగొచ్చాయో కూడా చూడాలి కదా. ముప్పై ఏళ్ల తరువాత వాళ్లు భాగాలు చెయ్యడానికి బండ్లంటూ మిగిలి ఉన్నది, ఆ ముప్పై ఏళ్లూ దొరికిన భాగంతో, దొరకని చోట వేరే కారు భాగం కోసి సరిపెట్టి, జనం ఇళ్లల్లో వాటిని నడిపించబట్టే. ఇంకొక తేడా కూడా ఉంది. కంపెనీ చేతికిచ్చిన కారు మొదటి రోజుకి తిరిగి వెళుతుంది. గ్యారేజీలో బాగుపడ్డ కారులో రెండో యజమాని వేసిన గేజీ ఉంటుంది, మూడో యజమాని కుట్టించిన సీటు ఉంటుంది. ఆ బతుకంతా తుడిచెయ్యడం కూడా ఒక మార్పే. దాన్ని మార్పని ఎందుకు అనరో నాకు అర్థం కాదు.

ఎదురుగట్టు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా బలమైనది. కారు నాది, డబ్బు నాది, రేకు కోస్తానో, అందులో అమెరికన్ వీ8 ఇంజన్ కూరుస్తానో నా ఇష్టం. ఇది గుడి కాదు, ఫ్యాక్టరీలో లక్షల్లో తయారైన సరుకు. ఈ మాటని తేలిగ్గా తీసిపారేయలేం. 2016 నాటికి అన్ని తరాలూ కలిపి ఎంఎక్స్-5లు పది లక్షలు దాటాయి, ఒక్క మొదటి తరమే నాలుగు లక్షల పైచిలుకు. ఒకటి పోతే లోకం మునిగిపోదు. మియాటాలో వీ8 పెట్టినవాళ్లూ చాలామందే ఉన్నారు, కొందరి పనితనం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. నా మాట ఒక్కటే. నువ్వు మార్చాలని ఉబలాటపడేంత బాగా ఆ కారు నీ దాకా ఎలా వచ్చింది? నీకు ముందు దాన్ని ఉంచుకున్న ముగ్గురో నలుగురో దాన్ని కోసెయ్యకుండా ఆగబట్టే వచ్చింది. వాళ్లకీ ఇష్టాలున్నాయి, వాళ్ల చేతుల్లోనూ గ్రైండర్లున్నాయి. వాళ్ల నిగ్రహాన్ని నువ్వు అనుభవిస్తూ, తరువాతివాడికి అది మిగల్చనంటే ఎలా? కొత్త ఇంజన్ పెట్టుకో. పాతది తీసేటప్పుడు దాని కాళ్లు కోసెయ్యకు, వైర్లు మొదలంటా నరికెయ్యకు, కలిపే చోట విప్పు, చీటీ కట్టు. ఆ పాటి కష్టం పడలేని స్వేచ్ఛ మీద నాకు పెద్ద గౌరవం లేదు.

ఈ మర్యాదని గ్యారేజీవాళ్లే పెట్టుకున్నారనుకుంటాం గానీ పెద్ద పెద్ద సంస్థలు కూడా చివరికి ఇక్కడికే వచ్చాయి. ముప్పై ఏళ్లు దాటిన వాహనాలని చారిత్రకమైనవిగా గుర్తించే ఫివా అనే అంతర్జాతీయ సమాఖ్య, పురాతన కట్టడాల కోసం 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ బాటలోనే వాహనాలకి టురిన్ చార్టర్ అని ఒకటి రాసుకుంది. అవసరం కొద్దీ మార్పులు చెయ్యాల్సివస్తే వెనక్కి తిప్పగలిగేలా చెయ్యాలని, తీసిన అసలు భాగాలని వాహనంతో పాటే ఉంచడం మంచిదని అందులో ఉంది. అంటే షెల్ఫు మీది అట్టపెట్టెకి చార్టర్‌లో చోటు దొరికింది. మనకి ఈ ఆలోచన పరాయిదేమీ కాదు. శ్రీశైలం జలాశయంలో మునగబోతున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అంకె వెయ్యకుండా విప్పి ఉంటే అది రాళ్లగుట్ట అయ్యేది. బోల్టు కవరు మీద మార్కర్ రాత కూడా ఆ అంకెలాంటిదే.

మరి నా వాదంలో చిల్లులు లేవా? ఉన్నాయి. తుప్పు తిన్న దూలాన్ని కోసి పారేశాక దాన్ని పెట్టెలో దాచేదేముంటుంది? అక్కడ వెనక్కి తిరిగే దారి లేదు. కోతకి ముందు తీసిన ఫోటోలు, పుస్తకంలో రాసుకున్న కొలతలే ఆ రేకుకి బదులు మిగలాలి. టాప్ లేని కారు తిరగబడితే తల కాపాడే రోల్ బార్ బిగించాలంటే బాడీకి రంధ్రాలు వెయ్యక తప్పదు. ఆ రంధ్రాలు ఎప్పటికీ పూడవు. అయినా వెయ్యాల్సిందే, మనిషి తలకంటే రేకు ఎక్కువ కాదు. దీనికి పూర్తిగా తలకిందులైనది ఇంకొకటి. పొగని శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టడం. నాలుగు బోల్టుల పని, కన్వర్టర్‌ని పెట్టెలో భద్రంగా దాచుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు తిరిగి బిగించుకోవచ్చు. నా కొలబద్ద ప్రకారం అది మంచి మార్పు కావాలి. కానేకాదు. ఆ పొగ పీల్చేవాళ్లు మన కారు యజమానులు కారు. కాబట్టి పెట్టె ఒక్కటే చాలదు. ప్రాణమూ, పక్కవాడి ఊపిరీ దానికంటే ముందు వస్తాయి. అసలు ఇంత పాత కార్లు రోడ్డు మీద ఎందుకని అడిగేవాళ్ల మాటలోనూ న్యాయముంది. జపాన్‌లో పదమూడేళ్లు దాటిన పెట్రోలు కారుకి వాహన పన్ను దాదాపు 15 శాతం పెంచుతారు. పాత ఇంజన్ కొత్తదానంత శుభ్రం కాదన్నది నిజమే. ఆదివారం పూట మాత్రమే కదిలే కారు అన్నది పూర్తి సమాధానం కాదు, కొంత సమాధానం. మిగతాది కన్వర్టర్ తియ్యకపోవడం, ట్యూనింగ్ సరిగ్గా ఉంచుకోవడం.

మన దేశంలో ఈ కార్లు అరుదు. ఈ వయసు కార్ల దిగుమతికి నిబంధనలు ఒప్పుకోవు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనం రూపురేఖలు ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కానీ కారు లేకపోయినా ఈ ప్రశ్న మన ఊళ్లలో ఉంది. 1985 నుంచి 1996 దాకా ఇక్కడ తయారైన యమహా ఆర్ఎక్స్ 100ని విప్పి, రంగులు వేయించి, ఇంటిముందు నిలబెట్టుకునేవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. 98 సీసీల టూ స్ట్రోక్ బండి. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఆకారం ఇంజన్‌లో భాగమే. బయటికి పోయే పొగ అలని కొంత వెనక్కి కొట్టి, మండని పెట్రోలు జారిపోకుండా ఆపేది ఆ ఆకారమే. చప్పుడు కోసం లోపలి గొట్టం కోయించినవాడికి చప్పుడు వస్తుంది, లాగుడు పోతుంది. ఆటోనగర్‌లో ఏ పాత మేస్త్రీని అడిగినా ఈ సంగతి చెబుతాడు. ఆ కోసిన గొట్టం మళ్లీ అతకదు. అదే చప్పుడు వేరే సైలెన్సర్‌తో తెచ్చుకుని, పాతదాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టినవాడు, పదేళ్ల తరువాత దాన్ని దించి బిగించుకోగలడు.

అందుకని, కారైనా బండైనా మీ దగ్గర అలాంటి పాతది ఒకటుంటే, వచ్చే ఆదివారం ఆ పెట్టెని కిందికి దించండి. కవర్ల మీది రాత ఒకసారి చూసుకోండి, ప్లాస్టిక్ మీద మార్కర్ సిరా కొన్నేళ్లకి చెరిగిపోతుంది. చెరిగిన చోట కాగితమ్ముక్క మీద పెన్సిల్‌తో మళ్లీ రాయండి. ఏ భాగం, ఏ తేదీన తీశారు, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎందుకు తీశారు, ఈ నాలుగు ముక్కలు చాలు. కారు అమ్మే రోజంటూ వస్తే, తాళంచెవులతో పాటు ఆ పెట్టె కూడా కొన్నవాళ్ల చేతికివ్వండి.